రెండో నొక్కు

అద్దానికి అవతల కూర్చున్న బస్సు డ్రైవరుకు ఇవతలివాళ్లు కనిపించరు. ఇవతలివాళ్లకు మాత్రం ఆయన బాగా కనిపిస్తాడు, ఆయన చేతుల మీదికి వంచి పెట్టిన చిన్న కెమెరా పుణ్యమా అని బొటనవేలి గోరు కూడా కనిపిస్తుంది. ఆ గోటి వంకే చూస్తూ కూర్చుంది ఆమె. నొక్కు నాయనా, నొక్కు, ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు, ఇంతకంటే తేలికైన ఆట భూమ్మీద ఇంకోటి ఉంటుందా, చిక్కంతా అక్కడే వచ్చిపడింది, మరీ తేలికట, ఉన్నది ఒక్కటే బటనట. నోరు విప్పకూడదు. వీడియో ఆట తయారుచేసినవాళ్లు, కొత్త మనిషి చేత దాన్ని ఆడించి చూసే ఈ పరీక్ష నడుస్తున్నంతసేపూ అద్దం వెనకే ఉండాలి, లోపలికి వెళ్లకూడదు, సైగ చెయ్యకూడదు, అది కాదండీ ఇలా అని చూపించకూడదు, ఎందుకంటే రేపు ఎవరో కొనుక్కుని ఇంట్లో ఆడుకుంటుంటే ఈమె వెళ్లి వాళ్ల పక్కన కూర్చోదు కదా. న్యాయమైన రూలే. న్యాయమైనదైనంత మాత్రాన ఒళ్లు మండకూడదని ఎక్కడుంది. ఏసీ గొంతు జీరబోయినట్టు ఒకటే రొద, మధ్యాహ్నం ఎండ తలుపు సందులోంచి సన్నగా కాళ్ల దగ్గర పడుతోంది, కుడిపక్కన తమ్ముడు గోళ్లు కొరుక్కుంటున్నాడు, వీడికి ఈ అలవాటు ఎప్పటికి పోతుందో.

ఎడంపక్కన కంపెనీ ఆయన. ఆమెలాంటి చిన్నచిన్న వాళ్లు ఇంట్లో కూర్చుని చేసుకున్న ఆటల్ని తీసుకుని జనంలోకి పంపే కంపెనీ అది, ఆయన సరేనంటే సరే, కాదంటే కాదు. వీళ్ల ఆట మొదటిసారి చూసినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, ఇంతకీ ఎన్ని బటన్లమ్మా, అని. ఒకటే అని చెప్తే, చెవిలో దోమ దూరినవాడిలా తల విదిలించాడు, ఆ సాయంత్రమే తమ్ముడు ఆయనకు బటన్లాయన అని పేరు పెట్టేశాడు. చెడ్డవాడేం కాదు, ఆమె చిరాకల్లా అదే, చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేది. టీ తెప్పిస్తాడు, కుర్చీ జరుపుతాడు, ఆట చివరిదాకా చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు కూడా, తుడుచుకుని, కథ అద్భుతమమ్మా, ఆటే లేదు, అన్నాడు. అందుకని కలల్లో యుద్ధాలు పెట్టమంటున్నాడు. ఈ గంట అయ్యేసరికి ఆమె అవునో కాదో చెప్పాలి. అవునంటే ఆట బయటికి వెళ్తుంది. కాదంటే వాళ్ల దారి వాళ్లది, తమ్ముడు రంగురంగుల మిఠాయిలు పేల్చే ఫోను ఆటల ఆఫీసులో చేరిపోతాడు, పిలుపు వచ్చి కూర్చునే ఉంది, ఆమె సంగతి ఆమెకే తెలీదు, ఆటలోని నాన్న మాత్రం మూలగదిలో పాత కంప్యూటర్లో పడి ఉంటాడు, ఎవరూ ఏమీ అడగరు, ఆయన ఏమీ చెప్పడు.

కలల్లో యుద్ధాలు. పొద్దున్నే నమూనా చూపించాడు, కంపెనీ కుర్రకారు ఉత్సాహంగా చేసిపెట్టారట. ఆటలో నాన్న మంచం మీద కళ్లు మూసుకోగానే కలొస్తుంది, కలలో నాన్న లిఫ్టు గోతిలో తీగలు పట్టుకుని కోతిలా ఎగురుతూ, చేతిలో ఇంత పొడుగు పానా పెట్టుకుని నల్లటి నీడల్ని చావబాదుతుంటాడు. నాన్న, జీవితమంతా లిఫ్టులు బాగుచేసి, ఇరుక్కుపోయినవాళ్లతో బయటినుంచి కబుర్లు చెప్తూ చెప్తూ తలుపు తీసిన నాన్న, బొద్దింక కనిపిస్తే చీపురు అమ్మ చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్లిపోయే నాన్న. చూస్తుంటే ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనుంచి తమ్ముడు, చూడ్డానికి బాగానే ఉంది కదక్కా, అని గొణిగాడు, ఆమె కళ్లెర్రజేసేసరికి నోరు మూసుకున్నాడు. ఇప్పుడు అనిపిస్తోంది, వాడికి బాగున్నది యుద్ధం కాదేమో. నాన్న రెండు కాళ్ల మీద లేచి నిలబడటం బాగుండి ఉంటుంది. నాన్న పడిపోయేనాటికి వాడింకా స్కూలు బ్యాగు మోస్తున్నాడు, నిలబడ్డ నాన్న వాడికెంత గుర్తున్నాడో ఆమె ఎప్పుడూ అడగలేదు.

పక్షవాతం. ఒక పక్క పోయింది, మాట పడిపోయింది, అంత కబుర్ల మనిషికి పోయేదాకా మిగిలింది ఎడమచెయ్యి, అది కూడా వేళ్లు మాత్రమే. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లయితే కాదు, ఆ ఏర్పాటు అమ్మదే, ఏ డాక్టరూ చెప్పింది కాదు. అడగడం అందరికీ వచ్చు, వినడమే రాదు. ఆ వేళ్లు ఎంత నిదానమంటే మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య మనిషికి అనుమానం వచ్చేది, అయిపోయిందా, ఇంకా ఉందా. అవునని చెప్పడం తొందరగా అయిపోతుంది, కాదని చెప్పడానికే ఎక్కువసేపు పడుతుంది, అందుకని ఓపిక లేనివాళ్లకు నాన్న దగ్గర ఎప్పుడూ అవును అన్న సమాధానమే దొరికేది. డాక్టరమ్మకు అవును, ఫిజియో చేసే అబ్బాయికి అవును, పరామర్శకు వచ్చినవాళ్లు టీవీ పెట్టమంటారా అంటే అవును, పాపం నాన్నకు ఆ టీవీ అంటే ఎంత చిరాకో. అమ్మ ఒక్కతే వేరు. కుడిచెయ్యి నాన్న చేతిలో పెట్టి, ప్రశ్న అడిగి, ఎడంచేత్తో ఒళ్లోని పళ్లెంలో బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చునేది, ఎడంచేత్తో ఒలవడం ఎప్పుడు నేర్చుకుందో ఏమో. నాన్న వంక చూసేది కాదు, చూస్తే తొందరపెట్టినట్టు ఉంటుందిట. ఏమన్నారమ్మా అని వీళ్లు తొంగిచూస్తే, "అడిగి వదిలేశాను, చెప్తారులే," అనేది. కిటికీ ఎండ గోడ మీదికి ఎక్కేది, పళ్లెం సగం నిండేది, అప్పుడు పకపకా నవ్వేది అమ్మ, "వద్దట, ఉప్పు తక్కువైందట." ఉప్పు మాట రెండు నొక్కుల్లో ఎలా వినపడిందో ఆవిడకే తెలియాలి.

అదీ ఆట. ఆడేవాళ్లు నాన్న. మంచం మీంచి పైకప్పు కనిపిస్తుంది, ఒకరి తర్వాత ఒకరు మొహాలు వంగుతాయి, చెయ్యి పట్టుకుంటారు, ఏదో అడుగుతారు, ఎవరి ఓపిక వాళ్లది. నాన్నకున్నది ఒక్కటే బటను కాబట్టి ఆడేవాళ్లకూ ఒక్కటే, పది బటన్లు ఇచ్చి నాన్ననని అనుకోమంటే ఎలా. ఇది ఎన్నిసార్లు చెప్పిందో బటన్లాయనకు. ఆయన తల ఊపుతాడు, ఊపి, "నిజమేనమ్మా, కానీ ఆడేవాడికి చేతినిండా పనుండాలి కదా," అంటాడు. ఈ ఆటను ఎగ్జిబిషన్లో పెట్టినప్పుడు ఒక కాలేజీ పిల్ల ఇంకో మాట అంది, "బాగుందక్కా, కానీ ఇది కథ కదా, పుస్తకం రాసేసుకోవచ్చుగా," అని, నవ్వుతూనే అంది, ఆ నవ్వుకు రెండు రోజులు నిద్రపట్టలేదు ఆమెకు. ఎందుకు రాసుకోవాలి. పుస్తకంలో నాన్న రెండోసారి నొక్కేలోపే వాళ్లు చెయ్యి వదిలేశారు అని ఒక వాక్యం రాస్తే చదివినవాళ్లు అయ్యో పాపం అంటారు, పేజీ తిప్పుతారు. వాళ్ల వేలు ఆలస్యం కాదు కదా. మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం వాళ్లకు జరగదు కదా. గెంతితేనే ఆటా, కాలిస్తేనే ఆటా, చేతినిండా పనుంటే ఆటయిపోతే గిన్నెలు తోమడాన్ని మించిన ఆట లేదు. ఎవరిచ్చారు వీళ్లకు ఈ కొలబద్ద.

ఇలా మనసులో ఇంతెత్తున లేచి వాదించుకుంటుంది గానీ, లోపల ఎక్కడో ముల్లు ఉంది. ఆమె కూడా అలాంటి ఆటలు ఆడిందే కదా, నలుగురు మెచ్చుకున్న కథలాటలు, మాట తర్వాత మాట తర్వాత మాట, మధ్యలో మూడు జవాబులు ఇచ్చి ఏదో ఒకటి ఎంచుకోమంటారు, ఏది ఎంచుకున్నా అవతలివాడు అదే మాట అంటాడు, రెండుసార్లు ఆడితే గుట్టు బయటపడుతుంది, ఒకసారి ఒళ్లు మండి కంట్రోలరు సోఫా మీదికి విసిరికొట్టింది కూడా. మరి తన ఆటలో లేవా అలాంటి చోట్లు. ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో తమ్ముడికి తెలుసు, కోడు రాసింది వాడే, ఒక్కనాడూ కిమ్మనలేదు. కొన్ని మాటలు ఎంత బాగా కుదిరాయంటే, ఆడేవాళ్లు కాదన్నా అవునన్నా అవి వినాల్సిందే అనిపించింది ఆమెకు, తన వాక్యం మీద తనకంత ముద్దు. అందులో బాబాయి వచ్చే చోటు ఒకటి. అక్కడ నొక్కినా నొక్కకపోయినా ఒకటే. అక్కడ నిజంగా జరిగింది కూడా అంతే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ జవాబు నోట్లో పెట్టుకుంటే ఇప్పుడు చేదుగా ఉంది.

"అదిగో, చూశారా," అన్నాడు బటన్లాయన మెల్లగా.

అద్దం అవతల బస్సు డ్రైవరు కంట్రోలరును తొడ మీద పెట్టేశాడు. మొదట్లో బాగానే ఆడాడు, మంచినీళ్లు కావాలా అని అమ్మ అడిగితే ఒకసారి నొక్కి నవ్వాడు కూడా, రోజంతా బస్సు నడిపి ఇంటికెళ్లి మళ్లీ కార్ల పందేల ఆట ఆడుకునే మనిషట, ఆయనకిది వింతే. ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీద మాత్రం కథ దాని పాటికది నడుస్తోంది, ఫిజియో అబ్బాయి వచ్చాడు, వెళ్లాడు, టీవీ పెట్టారు, డాక్టరమ్మ వంగింది, అవును, అవును, అవును. "ఆడేవాడు లేకపోయినా మీ ఆట నడుస్తోందమ్మా. నేను చెప్పేది ఇదే," అన్నాడు బటన్లాయన, గొంతులో వెక్కిరింత లేదు, జాలి ఉంది. నడవకూడదు కదా, నాన్న నొక్కేదాకా ఆగాలి కదా, ఎందుకు నడుస్తోంది. తల తిప్పి చూస్తే తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఎగ్జిబిషన్ కాపీ ఇచ్చాను," అన్నాడు.

ఎగ్జిబిషన్లో జనం సగంలో లేచి వెళ్లిపోతుంటే, తర్వాత వచ్చినవాళ్లకు నాన్న ఎవరి చేతినో పట్టుకుని అలాగే ఉండిపోయి కనిపించేవాడు. అందుకని ఆమే అడిగి పెట్టించింది, ఎవరూ ముట్టుకోకపోతే కాసేపటికి తనే అవును అనేసుకుని ముందుకెళ్లిపోయే ఏర్పాటు. ఆ నాలుగు రోజుల కోసమే. తీసేశారనుకుంది. అంటే ఇంతసేపూ ఆ గదిలో నాన్న చేతిని ఎవరూ పట్టుకోలేదు, పట్టుకున్నట్టు నటించి సరే అన్నారుగా అని వెళ్లిపోయారు, ఆ పని చేయించింది తనే. కుర్చీ వెనక్కి పడింది. "అమ్మా, లోపలికి వెళ్లకూడదు," అంటున్నాడు బటన్లాయన, రూలు ఆయనది, ఉంచుకోమనండి. తలుపు తోసుకుని వెళ్లింది. లోపల వెలుతురుకు కళ్లు చికిలించాల్సి వచ్చింది, బస్సు డ్రైవరు తగ్గు స్వరంతో, "ఏం తల్లీ, నేనేమైనా పాడుచేశానా?" అన్నాడు.

"లేదండీ, మేమే తప్పుది పెట్టాం. మీరెందుకు పక్కన పెట్టేశారు?"

"ఏం చెప్పమంటారు. ఆ డాక్టరమ్మ ముక్కులో గొట్టం వెయ్యమంటారా అంది. వద్దందామని ఒకసారి నొక్కాను, రెండోది నొక్కేలోపే థాంక్స్ అండీ అని వెళ్లిపోయింది. తర్వాత నేను ముట్టుకోకపోయినా అన్నిటికీ ఊఁ కొట్టేస్తున్నాడు పెద్దాయన. మరింక నన్ను అడగడం దేనికి? అడిగినట్టు చెయ్యడం దేనికి?"

ఆయనకు నిజంగానే కోపం వచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు ఆ చెవుల్ని చూస్తే ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ, చేతినిండా పని లేదన్నారు గానీ, నన్నడగడం దేనికి అని కోప్పడిన మనిషి ఈయనే. కోపం రావాలంటే ముందు చెప్పడానికి ఏదో ఉండాలి కదా. తమ్ముడు వెనకే వచ్చి అసలు కాపీ పెడుతున్నాడు. "ఈసారి ఆగుతారండీ," అంది ఆమె డ్రైవరుతో, "అందరూ కాదు. కొందరు." అంతకంటే చెప్పకూడదు. చెప్పలేదు.

మళ్లీ అద్దం వెనక. బటన్లాయన మొహం మాడ్చుకుని గడియారం చూసుకుంటున్నాడు. ఆమె తమ్ముడి వైపు వంగి, "ఒరేయ్, ఏం నొక్కినా ఒకే మాట వచ్చే చోట్లు అన్నీ తీసేద్దాం," అంది. "నీకు ఇష్టమైనవి ఉన్నాయి కదక్కా వాటిలో," అన్నాడు వాడు. "ఉంటే ఉన్నాయి. అన్నీ." ఇన్నేళ్లు చెక్కుకున్న మాటలు, పోతే పోనీ, యుద్ధాలు పెట్టడానికి ఎంత మొండికేసిందో వాటిని తీసెయ్యడానికీ అంతే మొండికేస్తుంది, నాన్న నోట్లో మాట లేకుండా బతికాడు, ఆయన కూతురి ఆటకు ఇన్ని మాటలెందుకు. అవతల అమ్మ చెయ్యి పట్టుకుంది, అడిగింది, బఠాణీలు ఒలుస్తోంది, డ్రైవరు ఒకసారి నొక్కి ఆగాడు, అనుమానంగా తెర వంక చూశాడు. అమ్మ ఒలుస్తూనే ఉంది. ఇంకా ఆగాడు. ఒలుస్తూనే ఉంది. ఆయన భుజాలు కిందికి దిగాయి, కుర్చీలో వెనక్కి వాలి, నిదానంగా రెండోసారి నొక్కాడు. ఇంట్లో అసలు అమ్మ ఈ ఆట ఒకసారి ఆడిచూసి, "మీ నాన్న ఇంత గబగబా చెప్పేవారు కాదే," అని మాత్రం అంది, మెచ్చుకుందో లేదో ఇప్పటికీ తేలలేదు.

తర్వాతది బాబాయి. ఆమెకు చూడాలని లేదు. బాబాయి మంచివాడే, అదేమిటో ఈ కథలో అందరూ మంచివాళ్లే, ఆ రోజు బయట కారు ఇంజను ఆపకుండా వచ్చాడు, వదిన ఎంతకాలం ఒక్కతే చేస్తుంది, రోగుల్ని చూసుకునే చోటు ఒకటుంది, అక్కడికి వెళ్తావా అన్నయ్యా అని నాన్న చెయ్యి పట్టుకున్నాడు. నాన్న వేళ్లు ఒకసారి బిగిశాయి. బాబాయి, సరే అన్నాడు, అని చెయ్యి వదిలి లేచాడు. ఆమె గుమ్మంలో ఉంది. నాన్న వేళ్లు మళ్లీ బిగుసుకోవడం చూసింది, అక్కడ ఎవరి చెయ్యీ లేదు, దుప్పటి ముడత ఉంది, దాన్నే పట్టుకున్నాయి. నాన్న ఇంకా చెప్పలేదు బాబాయ్, అంది, ఎవరూ చెవిన వేసుకోలేదు, వెంట వచ్చిన మనుషులు స్ట్రెచరు ఇరుకుగుమ్మంలో ఎలా పట్టాలా అని చూస్తున్నారు. తమ్ముడు స్కూలు బ్యాగు దించకుండానే మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. వారం తిరక్కుండా అమ్మ పళ్లెం సంచిలో వేసుకుని అక్కడికి వెళ్లింది, సాయంత్రానికి టాక్సీలో నాన్నతో దిగింది. "అడిగాను. వద్దన్నారు. తెచ్చేశాను," అంది, అంతే, దాని మీద ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

తెర మీద బాబాయి వంగాడు, అడిగాడు, చెయ్యి పట్టుకున్నాడు. డ్రైవరు నొక్కాడు. ఇప్పుడు బాబాయి సరే అంటాడు, చెయ్యి వదులుతాడు, తర్వాత ఆమె రాసిన వాక్యం వస్తుంది, దుప్పటి ముడత గురించి, మొత్తం ఆటలో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం. రాలేదు. బాబాయి చెయ్యి లాక్కోబోయి ఆగాడు. మళ్లీ లాగాడు. చేతుల కెమెరాలో డ్రైవరు బొటనవేలు కనిపిస్తోంది, నొక్కినవాడు నొక్కినట్టే ఉన్నాడు, వేలు ఎత్తడం లేదు, గోరు తెల్లబడింది. బాబాయి నిలబడి ఉన్నాడు, అనడానికి ఆయనకు మాటేమీ లేదు, అక్కడికి ఆమె మాటేమీ రాయలేదు.

"ఇదేంట్రా?"

"వేలు తియ్యకపోతే బాబాయి వెళ్లలేడక్కా," అన్నాడు తమ్ముడు, ఆమె వంక చూడకుండా. "నేనే పెట్టాను. నీకు చెప్తే తీసేయమంటావని చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు."

నోట్లో నాలుక లేనివాడనుకుంది వీణ్ని. మంచం కోడు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు నాన్నకు ఇన్నేళ్లకు ఒక పట్టు ఇచ్చాడు, లేచి ఎగరక్కర్లేదు, పానా అక్కర్లేదు, ఉన్న ఆ వేళ్లకే. ఆమె రాసిన నాన్న ఓడిపోయాడు, అందంగా ఓడిపోయాడు, అదే కథ అనుకుంది. అవతల ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నాన్న చేత్తో బాబాయిని పట్టుకుని వదలనంటున్నాడు, పళ్లు బిగించి, బస్సు స్టీరింగు తిప్పే ఆ పెద్ద చేత్తో. ఒక క్షణం వేలు వదులు చేసి, బాబాయి కదిలేలోపే మళ్లీ నొక్కాడు. రెండో నొక్కు. బాబాయి మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు. డ్రైవరు అద్దం వైపు తిరిగి, ఎవరూ కనిపించని ఆ అద్దంతో, "వద్దన్నాను," అన్నాడు.

బటన్లాయన ముందుకు వంగాడు. "ఇంతసేపు అక్కడే ఉన్నాడేం? ఇరుక్కుపోయిందా?"

"లేదండీ. ఆడుతున్నారు."

ఆయన కళ్లజోడు సర్దుకుని కాసేపు అవతలికే చూశాడు. గంట అయిపోయింది, బయట ఇంకెవరో ఇంకో ఆటతో ఎదురుచూస్తున్నారు, ఆయన ఒళ్లోని కాగితాలు దొంతి పెట్టుకున్నాడు. "చివర్లో పర్వాలేదమ్మా, కాదనను. కానీ నా మాట నాదే. కలల్లో యుద్ధాలు పెట్టుకుందామా మరి?" అన్నాడు. నాన్న, పళ్లెం, తమ్ముడి ఉద్యోగం, తెల్లబడ్డ గోరు, అన్నీ ఒక్కసారే వచ్చి గుమ్మంలో ఇరుక్కున్నాయి, ఆమెకు మాట రాలేదు. ఆయన ఒక క్షణం చూశాడు, చిరునవ్వు నవ్వాడు, "సంతోషం. మంచి నిర్ణయం," అని లేచాడు.

ఆమె చెయ్యి చాచి ఆయన చొక్కా మణికట్టు దగ్గర పట్టుకుంది.

"నేనింకా చెప్పలేదండీ," అంది.

ఆయన చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. మాట పైకి వచ్చేదాకా ఆయన్ని అలాగే నిలబెట్టి, అప్పుడు, "వద్దు," అంది.